ముందు పాఠాన్ని అక్షరాల్లో పెట్టండి

(డిగ్రీ కళాశాలల అధ్యాపకులకు ఆన్‌లైన్ బోధనపై జరిగిన శిక్షణ తరగతుల్లో ఒక కంప్యూటర్ సైన్స్ అధ్యాపకురాలి ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

ప్రిన్సిపల్ గారికి, వేదిక మీది పెద్దలకు, దూరం నుంచి బస్సులు పట్టుకుని వచ్చిన తోటి అధ్యాపకులకు, వెనక వరసల్లో కూర్చున్న కొత్త లెక్చరర్లకు, అందరికీ నమస్కారం.

టెక్నాలజీ బోధనలో మీ అనుభవం చెప్పండి మేడమ్ అన్నారు నిర్వాహకులు. అనుభవం గురించి కొంచెమే చెబుతాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు గట్టిగా తెలిసొచ్చిన విషయం ఒకటుంది. ఎక్కువ సమయం దానికే కేటాయిస్తాను. ఆన్‌లైన్‌లో పాఠం చెప్పేవాళ్ళు ఎవరైనా సరే, వీడియో తీయకముందే, స్లైడ్లు చేయకముందే, ఆ పాఠాన్ని అక్షరాల్లో పెట్టాలి. అక్షరాలంటే కంప్యూటర్ గుర్తుపట్టే అక్షరాలు. నోట్సుకు ఫోటో తీస్తే అది అక్షరాల కిందికి రాదు. అక్షరాల్లో ఉన్న పాఠాన్ని చూపు లేని పిల్లలు చెవులతో వింటారు, బ్రెయిలీ పరికరం ఉంటే వేళ్ళతో చదువుతారు. చూపు మందగించినవాళ్ళు పెద్దది చేసుకుంటారు. వినపడనివాళ్ళు చదువుకుంటారు. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఊళ్ళో కూడా అది ఫోన్‌లోకి దిగుతుంది. బొమ్మగా ఉన్న పాఠం చూడగలిగినవాళ్ళకు మాత్రమే పాఠం.

ఒక్క నిమిషం, ఇది వినండి.

(ల్యాప్‌టాప్‌లో ఒక తెలుగు నోట్సు పీడీఎఫ్ తెరిచి, స్క్రీన్ రీడర్‌తో, అంటే తెర మీది అక్షరాలను గొంతుతో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో చదివించారు.)

విన్నారు కదా. ఒక్క తెలుగు మాటన్నా వచ్చిందా? ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, మధ్యలో ఏవో అంకెలు. తెర మీద చూడండి, ఎంత చక్కటి తెలుగు ఉందో! ఆర్థికశాస్త్రం రెండో యూనిట్, శుభ్రంగా టైపు చేసిన నోట్సు. కంటికి తెలుగు, కంప్యూటర్‌కు మాత్రం అర్థం లేని ఇంగ్లీషు. ఎందుకంటే ఇది అను ఫాంట్స్‌లో, పేజ్‌మేకర్‌లో చేసిన ఫైలు. అప్పట్లో డీటీపీ వాళ్ళకు, అంటే అచ్చు కోసం కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చేవాళ్ళకు, తెలుగుకంటూ ప్రత్యేకమైన కోడు అందుబాటులో లేదు. అందుకని ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు గుడింతాలు, ఒత్తుల ఆకారాలు కూర్చారు. ఆ ఏర్పాటు లేకపోతే మన పుస్తకాలు, పత్రికలు ఆ రోజుల్లో అంత సులువుగా అచ్చయ్యేవి కావు, ఆ పని చేసినవాళ్ళకు మనం రుణపడి ఉన్నాం. అయితే ప్రతి భాష అక్షరాలకూ విడిగా కోడు ఇచ్చే యూనికోడ్ పద్ధతి మొదటి వెర్షన్ 1991లోనే వచ్చింది, తెలుగుకు అందులో సొంత చోటు ఉంది. ఇవాళ మీ ఫోన్‌లో కొట్టే ప్రతి తెలుగు అక్షరం యూనికోడే. అయినా మన స్టడీ మెటీరియల్, మోడల్ పేపర్లు, క్వశ్చన్ బ్యాంకులు ఇంకా చాలాచోట్ల పాత ఫాంట్లలోనే తిరుగుతున్నాయి.

ఇప్పుడు అదే యూనిట్ యూనికోడ్‌లోకి మార్చిన ఫైలు వినండి.

(అదే పాఠాన్ని మళ్ళీ చదివించారు.)

గొంతు కాస్త యంత్రంలా ఉంది, నిజమే. కానీ మాట మాటా తెలుస్తోంది. రెండు ఫైళ్ళకూ తేడా అక్షరాల కోడు ఒక్కటే. మార్చడానికి కన్వర్టర్లు దొరుకుతున్నాయి. మార్చాక ఒకసారి చదివి, ఒత్తులు అటూ ఇటూ అయినచోట దిద్దుకుంటే చాలు.

మీరు విన్న సాఫ్ట్‌వేర్ పేరు ఎన్‌వీడీఏ. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే కుర్రాడు మొదలుపెట్టాడు, జేమ్స్ టే అనే మిత్రుడు తోడయ్యాడు. ఇద్దరికీ చూపు లేదు. కొనుక్కునే స్క్రీన్ రీడర్ల ధర మామూలువాళ్ళకు అందేది కాదు. అందుకని ఎవరైనా ఉచితంగా వాడుకునేలా దీన్ని తయారుచేశారు. మన పిల్లల్లో చాలామంది నమ్ముకున్నది దీన్నే. ఫోన్‌లో అయితే ఆండ్రాయిడ్‌తో పాటు టాక్‌బ్యాక్ వస్తుంది.

ఇక నా సంగతి. ఎంసీఏ పూర్తిచేసి 90ల చివర్లో లెక్చరర్‌గా చేరాను. అప్పట్లో కంప్యూటర్ ల్యాబ్ అంటే చెప్పులు బయట విప్పి వెళ్ళే గది. ఒక్కో సిస్టమ్ దగ్గర ముగ్గురేసి పిల్లలు, టర్బో సి నీలం తెర. ఆదివారాలు మా కాలేజీలోనే అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ స్టడీ సెంటర్ నడిచేది, అక్కడ కౌన్సెలింగ్ క్లాసులు చెప్పేదాన్ని. నిజంగా నేను టీచర్‌ని అయింది ఆ ఆదివారాల్లోనే. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చే కానిస్టేబుళ్ళు, చంటిపిల్లను ఎత్తుకుని వచ్చే అంగన్‌వాడీ టీచర్లు, పెళ్ళయ్యాక ఆగిపోయిన డిగ్రీని మళ్ళీ మొదలుపెట్టిన గృహిణులు. ఒక పెద్దాయన ఉండేవారు, షుగర్ వల్ల చూపు తగ్గుతోంది. పుస్తకం ముక్కుకు ఆనించి చదివేవారు. వీళ్ళెవరూ రోజూ కాలేజీకి రాలేరు. కాలేజీయే వాళ్ళ దగ్గరకు వెళ్ళాలి.

ఈ ఆలోచన మన గడ్డ మీద కొత్తదేమీ కాదని మీకు గుర్తుచేయాలి. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మనదే. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైంది, అంబేద్కర్ గారి పేరు తర్వాత వచ్చింది. తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి గారు. 1985లో ఇగ్నో, అంటే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, పెట్టినప్పుడు దానికీ ఆయననే తొలి ఉపకులపతిగా తీసుకున్నారు. అంతకు ముందు 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం జరిగింది. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్ళకు టీవీ కార్యక్రమాలు పంపారు. ఆరింటిలో మన రాష్ట్రం ఒకటి. అందులో నాకు చాలా ఇష్టమైన విషయం, ఒకే చిత్రానికి రెండు ధ్వని మార్గాలు పెట్టడం. ఒకే బొమ్మను రెండు భాషలవాళ్ళు ఎవరి భాషలో వాళ్ళు వినొచ్చు. పాఠం ఒకటే అయినా అది చేరే దారులు ఒకటి కంటే ఎక్కువ ఉండాలని అప్పటి ఇంజనీర్లకే తెలుసు. తర్వాత 2004లో శ్రీహరికోట నుంచి చదువు కోసం పంపిన ఉపగ్రహం ఎడ్యుశాట్, ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు ఎన్‌పీటెల్, 2017లో ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం. ఇవన్నీ మీకు తెలిసినవే, ఆగను.

నన్ను మార్చింది ఒక విద్యార్థిని. బీకాం కంప్యూటర్స్‌లో చేరింది, పుట్టుకతోనే చూపు లేదు. మొదటి వారంలోనే పెన్‌డ్రైవ్ తెచ్చి "మేడమ్, మీ నోట్సు వర్డ్ ఫైలు ఇవ్వండి, పీడీఎఫ్ వద్దు" అంది. ఆ అమ్మాయి చదివే తీరు పక్కన కూర్చుని చూశాను. స్క్రీన్ రీడర్ వేగం ఎంత పెంచుకునేదంటే, పక్కన ఉన్న నాకు అది గలగల చప్పుడే తప్ప మాటలుగా వినపడేది కాదు. తనకు మాత్రం ప్రతి మాటా అందేది. ఒక ఫైలులో హెచ్ కీ నొక్కుకుంటూ ఒక హెడ్డింగ్ నుంచి ఇంకో హెడ్డింగ్‌కు చకచకా వెళ్ళిపోయింది. ఇంకో ఫైలు తెరిచి హెచ్ నొక్కితే, తర్వాత హెడ్డింగ్ ఏదీ లేదంది సిస్టమ్. అందులోనూ హెడ్డింగులు ఉన్నాయి, మనం చూస్తే కనపడతాయి. కాకపోతే అక్షరాలు పెద్దవి చేసి, బోల్డ్ చేసి వదిలేశారు. వర్డ్‌లో హెడ్డింగ్ స్టైల్ పెట్టలేదు. దాంతో నలభై పేజీల ఫైలును ఆ అమ్మాయి మొదటి వాక్యం నుంచి వినుకుంటూ రావాలి. మనం పుస్తకం తిరగేసి కావలసిన పేజీ పట్టుకుంటామే, ఆ సౌకర్యం తనకు లేకుండా పోయింది. హెడ్డింగ్ స్టైల్ పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? మౌస్‌తో ఒక్క క్లిక్కు.

టేబుల్స్‌దీ అంతే. స్పేస్ బార్ కొట్టి కొట్టి వరసలు సర్దిన పట్టిక మనకు పట్టికలా కనపడుతుంది, స్క్రీన్ రీడర్‌కు అంకెల కుప్ప. ఇన్సర్ట్ టేబుల్ అని పెట్టి, మొదటి వరసను హెడర్‌గా గుర్తిస్తే, టీ కీ నొక్కి ఆ అమ్మాయి నేరుగా పట్టికలోకి వస్తుంది, ఏ అంకె ఏ కాలమ్ కిందిదో వింటుంది. బొమ్మలు పెట్టినప్పుడు ఆల్ట్ టెక్స్ట్, అంటే ఆ బొమ్మలో ఏముందో చెప్పే మాటలు, రాయాలి. చాలామంది "పటం 3" అని రాసి ఊరుకుంటారు, దాంతో ఏం తెలుస్తుంది? "డిమాండ్ రేఖ ఎడమ నుంచి కుడికి కిందికి వాలుతోంది, ధర 10 ఉన్నప్పుడు పరిమాణం 40, ధర 5 అయితే 70" అని రాస్తే ఆ పటంలో మీరు చెప్పదలచుకున్న పాఠం మొత్తం అందులో ఉంది.

ఇప్పుడు మాట్లాడే తీరు గురించి. నా దృష్టిలో ఇది అన్నిటికంటే ముఖ్యం, దీనికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. మనం వీడియో పాఠంలో ఎలా చెబుతాం? డేటా స్ట్రక్చర్స్‌లో లింక్డ్ లిస్ట్ చెబుతున్నాం అనుకోండి. అంటే సమాచారం దాచిన గళ్ళ గొలుసు. ఒక్కో గడి ఒక నోడ్, తర్వాతి గడి చిరునామా ఉండే చోటు పాయింటర్. రెండో నోడ్‌కూ మూడో నోడ్‌కూ మధ్య కొత్త నోడ్ చేర్చాలి. "ఇదుగో, దీన్ని ఇక్కడ తీసేస్తాం, ఇది ఇటు వస్తుంది, అది దానికి కలుస్తుంది, అంతే, వచ్చేసింది" అంటాం. కళ్ళు మూసుకుని ఆ వాక్యం వినండి. ఏం వచ్చింది? ఎక్కడికి వచ్చింది? అదే విషయం ఇలా చెప్పి చూద్దాం. "రెండో నోడ్‌లోని పాయింటర్ ఇప్పటిదాకా మూడో నోడ్ చిరునామా పట్టుకుని ఉంది. ముందుగా ఆ చిరునామాను కొత్త నోడ్ పాయింటర్‌లోకి రాసుకుందాం. ఆ తర్వాతే రెండో నోడ్ పాయింటర్‌లో కొత్త నోడ్ చిరునామా రాద్దాం. వరస తప్పితే మూడో నోడ్ చిరునామా మన చేతి నుంచి జారిపోతుంది." వాక్యాలు నాలుగయ్యాయి. కానీ ఇది బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినే పిల్లవాడికీ అర్థమవుతుంది. ఇంకో సంగతి, ఇలా చెప్పడం అలవాటయ్యాక చూపు ఉన్న పిల్లలు కూడా ఆ వరస ఎందుకు ముఖ్యమో అడగడం మానేశారు. మాటలోనే జవాబు ఉంది కాబట్టి.

మ్యాథ్స్ వాళ్ళు వెంటనే అంటారు, మా సబ్జెక్టులో కుదరదు మేడమ్ అని. మచిలీపట్నం దగ్గరి సీతారామపురం నుంచి వచ్చిన బొల్లా శ్రీకాంత్ గురించి మీ అందరికీ తెలుసు. చూపు లేదు కాబట్టి ఇంటర్‌లో సైన్స్ గ్రూపు కుదరదంటే కోర్టుకు వెళ్ళి సాధించుకున్నాడు, పాఠాలను ఆడియోలోకి మార్పించుకుని చదివాడు, తర్వాత అమెరికాలో ఎంఐటీకి వెళ్ళాడు, తిరిగొచ్చి హైదరాబాద్‌లో కంపెనీ పెట్టాడు. బొమ్మలున్నాయి, సమీకరణాలున్నాయి, నీవల్ల కాదు అన్న మాట అబద్ధమని ఒక పల్లెటూరి కుర్రాడు రుజువు చేశాడు. ఇంకొకరిని చెబుతాను. టి.వి. రామన్ గారు. పుణెలో పెరిగారు, పద్నాలుగేళ్ళకు గ్లాకోమా అనే కంటి జబ్బుతో చూపు పోయింది. ఐఐటీ బొంబాయిలో చదివి, కార్నెల్ యూనివర్సిటీలో 1994లో పీహెచ్‌డీ చేశారు. ఆయన పరిశోధనే లెక్కలను గొంతుతో చదివించడం. ఆ సిస్టమ్‌కు ఆస్టర్ అని పేరు పెట్టారు. అది ఎలా సాధ్యమైంది? గణిత పత్రాలు అప్పటికే లేటెక్‌లో, అంటే అక్షరాల్లో రాస్తున్నారు. ఏది భిన్నం, ఏది వర్గమూలం, బ్రాకెట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది అన్నది అందులో రాసి ఉంటుంది. కాబట్టి కంప్యూటర్ దాన్ని తప్పు లేకుండా పలకగలదు. ఆ సమీకరణాన్నే ఫోటో తీసి స్లైడ్‌లో అతికిస్తే స్క్రీన్ రీడర్ "ఇమేజ్" అని ఒక్క మాట అని ముందుకు పోతుంది. మ్యాథ్స్ వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. వర్డ్‌లో ఈక్వేషన్ ఎడిటర్ ఉంది, దాంట్లో రాయండి. లేటెక్ వస్తే ఇంకా మంచిది.

వినపడని పిల్లల విషయం కాస్త వేరు. వాళ్ళలో చాలామందికి మొదటి భాష సంజ్ఞల భాష. భారతీయ సంజ్ఞా భాషకు సొంత వ్యాకరణం ఉంది, అది తెలుగుకు చేతి సైగల అనువాదం కాదు. అందుకని వీడియో కింద మన మాటలు రాసి చూపే క్యాప్షన్లు పెట్టేస్తే బాధ్యత తీరిపోయిందనుకోకూడదు. సంజ్ఞా భాష కోసం ఢిల్లీలో 2015లో జాతీయ పరిశోధనా కేంద్రం పెట్టారు, 2020లో ఎన్‌సీఈఆర్‌టీతో ఒప్పందం చేసుకుని పాఠ్యపుస్తకాలను సంజ్ఞా భాషలోకి తెచ్చే పని చేపట్టారు. డిగ్రీ స్థాయికి అది ఇంకా రావాల్సే ఉంది. ఈలోపు మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. లైవ్ క్లాసులో కిటికీకి వీపు పెట్టి కూర్చోవద్దు, ముఖం నీడలో పడితే పెదవుల కదలిక కనపడదు. యంత్రం రాసిన క్యాప్షన్లు అలాగే వదిలేయొద్దు. మనం తెలుగూ ఇంగ్లీషూ కలిపి మాట్లాడతాం కదా, ఆ కలగలుపు దగ్గర అది బాగా తడబడుతుంది. ముందే పాఠం రాసి పెట్టుకుని ఉంటే ఆ రాతే మీకు క్యాప్షన్ అవుతుంది. చూశారా, మళ్ళీ అక్షరాల దగ్గరికే వచ్చాం.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో స్కూలు పిల్లలకు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ చానెళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. మన డిగ్రీ కాలేజీల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళం జూమ్, మీట్, వాట్సాప్ గ్రూపులతో లాక్కొచ్చాం. ఇంట్లో ముగ్గురు పిల్లలకు ఒకటే ఫోను, అదీ నాన్న పొలం నుంచి వచ్చాక. రోజుకు ఇచ్చే డేటా ఒక్క క్లాసుకే అయిపోయేది. నేను అప్పుడు పిల్లలకు ప్రతి పాఠం వీడియోతో పాటు యూనికోడ్ టెక్స్ట్‌లో కూడా పంపేదాన్ని. లెక్క చూడండి. తెలుగు అక్షరమైనా, గుణింతం గుర్తయినా ఒక్కోటి కంప్యూటర్‌లో సాధారణంగా మూడు బైట్లు తీసుకుంటుంది, ఇంగ్లీషుకు ఒక్కటే. అయినా సరే, మూడు వేల మాటల పాఠం వంద కేబీ దాటడం కష్టం. ముప్పావు గంట వీడియో వందల ఎంబీలు మింగుతుంది. ఏజెన్సీలో కొండ మీదికి ఎక్కితే తప్ప సిగ్నల్ రాని పిల్లకు ఆ వంద కేబీ క్షణాల్లో దిగిపోతుంది. చూపు లేని ఆ అమ్మాయి కోసం నేర్చుకున్న పద్ధతి ఇంతమందికి పనికొచ్చింది. ఆ రోజుల్లో నాకు దొరికిన ధైర్యం అదే.

ఫోటోల గురించి ఒక మాట. నోట్‌బుక్ పేజీకి ఫోన్‌తో ఫోటో తీసి, బొటనవేలి నీడతో సహా గ్రూపులో పెట్టే అలవాటు మన అందరిదీ. అత్యవసరమైతే పెట్టండి. కానీ ఆ ఫోటోను గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అచ్చు తెలుగును చాలావరకు గుర్తుపడుతుంది. చేతిరాత అయితే, చూస్తూ ఫోన్‌కు చదివి వినిపించండి, తెలుగు వాయిస్ టైపింగ్ చక్కగా పనిచేస్తోంది. తప్పులు దిద్దుకోవాలి, అంతే.

చట్టం సంగతి కొందరికి టెన్షన్. పుస్తకాన్ని ఆడియోగా, టెక్స్ట్‌గా మార్చి ఇస్తే కాపీరైట్ కేసు అవుతుందేమో అని. అవదు. 2012లో మన కాపీరైట్ చట్టాన్ని సవరించి, వైకల్యం ఉన్నవాళ్ళ కోసం వాళ్ళకు అనువైన రూపంలోకి మార్చుకోవడానికి మినహాయింపు ఇచ్చారు. ఇదే విషయం మీద 2013లో వచ్చిన మరాకేష్ అంతర్జాతీయ ఒప్పందాన్ని అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే, 2014లో. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ కూడా వచ్చింది. మీ విద్యార్థులకు దాని పేరు చెప్పండి.

వైకల్యం ఉన్నవాళ్ళ హక్కుల చట్టం 2016లో వచ్చింది, అది గుర్తించిన వైకల్యాలు 21. మా క్లాసులో అలాంటివాళ్ళు ఎవరూ లేరండీ అని చాలామంది అంటుంటారు. ఆ 21లో డిస్లెక్సియా లాంటి అభ్యసన సమస్యలున్నాయి, తలసేమియా, సికిల్ సెల్ లాంటి రక్తపు జబ్బులున్నాయి. ఏజెన్సీ నుంచి వచ్చే పిల్లల్లో సికిల్ సెల్‌తో ఒళ్ళు నొప్పులు భరించలేక వారాల తరబడి క్లాసుకు రానివాళ్ళు ఉంటారు. హాజరు తక్కువ అని వాళ్ళను తిడుతున్నామేమో ఒకసారి చూసుకోండి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలోనే వైకల్యం ఉన్నవాళ్ళు 22 లక్షల 66 వేల మంది. వాళ్ళు మన క్లాసులో కనపడకపోతే, గేటు దాకా రాలేకపోయారనైనా అర్థం, వచ్చి చెప్పుకోలేకపోతున్నారనైనా అర్థం.

గేటు అంటే గుర్తొచ్చింది. ఇందాక చెప్పిన ఆ బీకాం అమ్మాయి పీజీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టబోతే పోర్టల్‌లో క్యాప్చా వచ్చింది. వంకరటింకర అక్షరాల బొమ్మ, వినిపించే ఏర్పాటు లేదు. ఇల్లంతా తనే నడిపే పిల్ల, కంప్యూటర్ మీద నాకంటే వేగంగా పనిచేసే పిల్ల, ఆ నాలుగు అక్షరాల కోసం నెట్ సెంటర్‌కు వెళ్ళి, ఓటీపీ, పాస్‌వర్డ్ ముక్కూమొహం తెలియనివాళ్ళ చేతిలో పెట్టింది. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. కళ్ళు ఆర్పి చూపిస్తే తప్ప పూర్తవని ఆన్‌లైన్ కేవైసీ వల్ల యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్ళు పడే ఇబ్బంది మీద వేసిన కేసు అది. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. మన కాలేజీల వెబ్‌సైట్లు చేయించేటప్పుడు ఈ తీర్పు వెండర్ ముందు పెట్టండి.

పరీక్షల మాట కూడా చెప్పి ముగిస్తాను. రాతపరీక్షల్లో అర్హులైన విద్యార్థులకు గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని 2018 మార్గదర్శకాల్లోనే చెప్పారు. హాల్లో ఇస్తున్నాం. మరి ఆన్‌లైన్ క్విజ్‌లో? టైమర్ సున్నాకు రాగానే అందరికీ ఒకేసారి మూసుకుపోతుంది. ఆన్‌లైన్ క్లాసులు, క్విజ్‌లు నడిపే మూడ్‌ల్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ఒక్కో విద్యార్థికి విడిగా సమయం పెంచే వీలుంది, ఓవర్‌రైడ్స్ అనే చోట ఉంటుంది. మీరు వాడేది వేరేదైతే, అందులో ఆ వీలు ఉందో లేదో కొనకముందే అడగండి. సమాధానం ఎలా ఇవ్వాలన్న దగ్గర కూడా కాస్త పట్టు సడలించండి. టైపు చేయలేని పిల్లవాడు నోటితో చెప్పి రికార్డు చేసి పంపితే, మనం దిద్దేది వాడికి సబ్జెక్టు వచ్చా రాదా అన్నదే కదా.

భోజనాల తర్వాత అందరూ ల్యాబ్‌కు రండి. ప్రతి సిస్టమ్‌లో ఎన్‌వీడీఏ వేయించి పెట్టాం, తెలుగు గొంతు కూడా ఉంది. మీ సొంత పాఠం ఒకటి పెన్‌డ్రైవ్‌లోనో మెయిల్‌లోనో సిద్ధంగా ఉంచుకోండి. కొత్తగా చేయొద్దు, పోయిన సెమిస్టర్‌లో పిల్లలకు పంపిందే కావాలి. మానిటర్ ఆపేసి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, హెచ్ కీతో రెండో యూనిట్ ఎక్కడుందో వెతకండి. దొరకనివాళ్ళు చెయ్యెత్తండి, నేనొచ్చి పక్కన కూర్చుంటాను. సాయంత్రం బస్సు టైముకు ఒక్కొక్కరి పాఠం ఒక్కోటి సరిచేసి పంపిద్దాం.